అర చెంచా, ఆరు చెంచాలు

చిరంజీవికి,

మనిషి ఒంట్లోని కెమిస్ట్రీ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీ దగ్గర లేచి కాఫీ పెట్టుకున్నాను. తిరిగొచ్చేసరికి ఎక్కడ ఆపానో గుర్తు లేదు. రెండోసారి పట్టుబట్టి చివరిదాకా చదివాను. తప్పులు తక్కువే. కెమిస్ట్రీ శ్రద్ధగా చదువుకున్న పిల్లవని తెలుస్తూనే ఉంది. కానీ పరమాణువు, అణువు, అయాను, బంధం, ఆమ్లం, క్షారం అంటూ ఇంటర్ పుస్తకం విషయసూచికలా వరసపెట్టుకుంటూ పోయావు. మనిషి ఒంట్లోకి అడుగుపెట్టేసరికి తొమ్మిదో పేజీ వచ్చింది. శరీరం పేరు పెట్టి, ఆ శరీరాన్నే అంతసేపు గుమ్మం బయట నిలబెడితే ఎలాగమ్మా?

మన బరువులో ఆక్సిజన్ 65 శాతం, కార్బన్ 18, హైడ్రోజన్ 10 అని పట్టిక ఇచ్చావు. నిజమే. చదివేవాడు మాత్రం ఆ 65 శాతం పీల్చే గాలి అనుకుంటాడు. అందులో ఎక్కువ భాగం ఒంట్లో ఉన్న నీళ్లదని ఒక్క వాక్యం రాసి ఉంటే పట్టికకు ప్రాణం వచ్చేది. ఈసారి పట్టిక తీసెయ్. నీళ్లు, ఉప్పు, పంచదార... ఈ మూడింటితో వ్యాసమంతా రాయి.

ఎందుకు ఈ మూడే అంటున్నానో చెబుతాను. ఇది నా తల వంపుల కథ.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పత్రికకు వేసవి జాగ్రత్తల మీద చిన్న వ్యాసం రాశాను. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇంట్లో కలుపుకునే నీళ్ల కొలత అందులో ఉంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలకొట్టి కొలవాలి. హడావిడిగా చేత్తో రాసి పంపాను. అక్షరాలు కంపోజ్ చేసే ఆయన సాయంత్రం ఫోన్ చేశాడు. "సార్, ఆరు చెంచాల ఉప్పు, అర చెంచా పంచదార అని రాశారు. పులుసులోక్కూడా మేం అంత వెయ్యం. సరిగ్గానే రాశారా?"

నాకు చెమటలు పట్టాయి. అర, ఆరు. ఒక దీర్ఘం, ఒక కొమ్ము, అంతే తేడా. నేనే తారుమారు చేశాను. పప్పులో కాలేశాననుకోవడానికి కూడా లేదు, ఎవరి పిల్లాడి నోట్లోనో పోసేవాణ్ని. ఆరు చెంచాలంటే ముప్ఫై గ్రాములు దాటుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అంటే దాదాపు సముద్రాన్ని తాగించమన్నట్టు.

ఉప్పు ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి నువ్వు "ద్రవాభిసరణం" అన్న మాటతో మొదలుపెట్టి, కింద నిర్వచనం రాశావు. ఆ మాట తప్పు కాదు, దాని చోటు తప్పు. ఇప్పుడు మామిడికాయల రోజులే కదా. మాగాయ పట్టేటప్పుడు వంటింట్లో కూర్చో. తొక్క తీసి, చెక్కులు తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో వేస్తారు. చుక్క నీళ్లు పొయ్యరు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో తేలుతుంటాయి, అవి మాత్రం వడిలి మెత్తబడి ఉంటాయి. ఆ నీళ్లు ఎక్కడివి? ముక్కలోవే. బయట ఉప్పు చిక్కగా ఉంది, లోపల పలచగా ఉంది. కణం గోడ దాటి నీళ్లు చిక్కగా ఉన్న వైపుకు వచ్చేశాయి. ఇక్కడ చెప్పు ద్రవాభిసరణం అని. అప్పటికి పాఠకుడి దగ్గర సరుకు ఉంది, నువ్విచ్చేది దానికో పేరు. పిల్లాడి పేగులో సముద్రమంత ఉప్పు పోస్తే జరిగేదీ అదే, ముక్క ఊటయినట్టు ఒంట్లో నీళ్లు పేగులోకి దిగిపోతాయి.

మరి అర చెంచా ఉప్పుతో, ఆరు చెంచాల పంచదారతో ఏం జరుగుతుంది? నీ వ్యాసానికి గుండెకాయ ఇదే. నువ్వేమో దీన్ని రెండు లైన్లలో దాటేశావు.

ఉప్పు నీళ్లలో కరిగితే వచ్చే సోడియం అయాను, అంటే విద్యుదావేశమున్న సోడియం పరమాణువు, తనంతట తాను పేగు కణంలోకి జొరబడలేదు. కణం చుట్టూ కొవ్వు పొర ఉంది, అయాను నీళ్ల మనిషి. నూనెలో ఉప్పు కరగదని ప్రతి ఇల్లాలికీ తెలుసు, ఇక్కడ అడ్డమొచ్చేదీ అదే. అందుకని పొరలో ప్రొటీన్ తలుపులున్నాయి. అందులో ఒక తలుపు రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు కలిసి వస్తేనే తెరుచుకుంటుంది. పంచదార పేగులో విరిగి గ్లూకోజ్ ఇస్తుంది కాబట్టి మన ఇంటి డబ్బాలోదీ పనికొస్తుంది. ఈ జోడీ లోపలికి పోయాక వాటి వెంట నీళ్లు పోతాయి, మాగాయ లెక్కే, దిశ మారిందంతే. ఇలా జంటగా పోతాయని రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రాగ్‌లో చెప్పాడు. కలరా విషం పేగు నుంచి నీళ్లు కుమ్మరించేలా చేస్తుంది గానీ ఈ ఒక్క తలుపునూ పాడుచెయ్యదు. ఆ సందు దొరకబట్టే కోట్లమంది బతికారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థుల శిబిరం, బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్. కలరా. నరానికి ఎక్కించే సెలైన్ అయిపోతోంది. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్లు కలిపించి, తల్లుల చేత, అన్నదమ్ముల చేత రోగులకు పట్టించాడు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఈ సంగతి రాసేటప్పుడు ఆయన్ని దేవుణ్ని చెయ్యొద్దు. ఆ పొట్లంలో ఏముందో, ఎంత ఉందో రాయి చాలు.

ఎంత అన్నది చాలా ముఖ్యం. ఈ మిశ్రమాన్నే ఓఆర్‌ఎస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో దీన్ని ఇంకా పలచన చేసింది. లీటరుకు ఉప్పు 3.5 గ్రాముల నుంచి 2.6కు, గ్లూకోజ్ 20 నుంచి 13.5కు తగ్గించింది. పంచదార ఎక్కువైనా ముప్పే, అదీ నీళ్లను పేగులోకి లాగుతుంది. ఓఆర్‌ఎస్ అని పేరేసి తియ్యటి డ్రింకులు అమ్ముతున్నారని హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు ఒకావిడ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు తీసెయ్యమంది. ఆవిడ అడిగిందంతా గ్రాముల లెక్కే.

ఇక నీ ఏటీపీ పేరా, అదే కణాలకు శక్తినందించే అణువు గురించి రాసింది. "ఫాస్ఫేట్ బంధం తెగినప్పుడు అందులో దాగిన శక్తి విడుదలవుతుంది" అని రాశావు. నేనూ పదేళ్లు ఇలాగే రాశాను, ఎవరూ అడగలేదు. కానీ తప్పు. ఏ బంధాన్నయినా తెంచడానికి శక్తి ఖర్చవుతుందే తప్ప రాదు. ఏటీపీ నీటితో చర్య జరిపినప్పుడు పాత బంధాలు పోయి కొత్తవి ఏర్పడతాయి. వచ్చిన పదార్థాలు ముందున్నవాటికన్నా నిలకడైనవి. ఖర్చుకూ రాబడికీ తేడానే మనకు మిగిలే శక్తి. బంధమంటే డబ్బులు దాచిన ముంత అనుకుంటాం, పగలగొడితే రాలతాయని. ఆ బొమ్మ బుర్రలోంచి తీసెయ్.

అక్కడే యల్లాప్రగడ సుబ్బారావు గారిని తెచ్చావు, సంతోషం. భీమవరంలో పుట్టినవాడు, 1895. కానీ అందరిలాగే నోబెల్ రాలేదని ఒక పేజీ ఏడ్చావు. ఆ ఏడుపు మనం చాలాసార్లు ఏడ్చాం. ఆయన చేసిన పని చూపించు. 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి ప్రకటించారు. ఆ ద్రావణంలో మాలిబ్డేట్, మరో రసాయనం కలిపితే నీలం రంగు తేలుతుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. గాజు గొట్టంలో నీలాన్ని, తెలిసిన మోతాదు నీలంతో పోల్చి చూడడమే. కండరంలో ఈ లెక్క చూస్తుంటే రంగు ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా ముదిరింది. ఎందుకిలా అని వెంటపడితే కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం బయటపడింది, 1927లో. ఏటీపీ ఆ తర్వాత రెండేళ్లకు, అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టాడు. ఆలస్యంగా వచ్చిన రంగును తప్పు లెక్క అని కొట్టిపారెయ్యకుండా నిలబడి చూసిన మనిషి ఆయన. నాకు నోబెల్ కన్నా ఆ నీలం ఇష్టం. నీకు వేరేగా అనిపించవచ్చు.

చిన్నవి రెండు. అణువులకు కోరికలు అంటగట్టకు. "సోడియం ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవాలని తహతహలాడుతుంది" అంటే చదవడానికి బానే ఉంటుంది, ఆ తర్వాత పాఠకుడు ప్రతిచోటా ఉద్దేశం వెతుక్కుంటాడు. పైన నేనూ "నీళ్ల మనిషి" అన్నాను, చూశావుగా. వ్యాసంలో అలాంటిది ఒకటికి మించి పడనివ్వను. రెండోది, యాసిడ్ అంటే మనవాళ్లకు బాత్రూం కడిగేది. ఫోలిక్ యాసిడ్ బిళ్ల ఇస్తే భయపడిన గర్భిణిని చూశాను. ఆ మాట మొదటిసారి వచ్చినచోట చింతపండు, నిమ్మకాయ పక్కన పెట్టు. రక్తాన్ని క్షారం చేస్తామంటూ సీసా నీళ్లు అమ్మేవాళ్ల గురించి నువ్వు రాసిన రెండు పేజీల కోపం మాత్రం కొట్టేశాను. రక్తం పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7.35, 7.45 మధ్య ఉంటుంది, ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ దాన్ని అక్కడే పట్టి ఉంచుతాయి అన్న ఒక్క వాక్యం చాలు వాళ్లకు.

ఆదివారం మీ ఇంట్లో మాగాయ పడుతున్నారని మీ అమ్మ చెప్పింది. పది ముక్కలు అడిగి తీసుకో. ఐదు ఉప్పు పట్టించి, ఐదు ఉత్తివి, రెండు కంచాల్లో పెట్టు. మొదటి తడి ఎన్ని నిమిషాలకు కనబడిందో గడియారం చూసి రాసుకో. కొత్త వ్యాసం మొదటి వాక్యం అక్కడ దొరుకుతుందేమో చూడు. ఉప్పు కొలత మాత్రం అక్షరాల్లోనూ అంకెల్లోనూ రెండూ రాసి, నాకు పంపేముందు ఇంకెవరిచేతనైనా పైకి చదివించి విను.

ఆశీస్సులతో,
మీ మాష్టారు