ఫ్లాట్ బాబు పేర రాయకండి, ముందు పీపీఓ తీసి చూడండి

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మావారు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు, చివరి బేసిక్ 78,000. ఆయనకు 63, నాకు 57. బాబుకు 27 ఏళ్లు, మేధో వైకల్యం, సర్టిఫికెట్‌లో 75 శాతం. స్నానం, భోజనం తనే చేసుకుంటాడు. డబ్బు లెక్క తెలియదు, ఒంటరిగా బయటికి వెళ్లలేడు. అమ్మాయి పెళ్లై బెంగళూరులో ఉంది. సొంత ఫ్లాట్, 40 లక్షల ఎఫ్‌డీలు ఉన్నాయి. మా తర్వాత బాబు ఉండడానికి ఒక హోమ్ చూశాం. నెలకు 25,000, ముందు 10 లక్షల డిపాజిట్ అన్నారు, అది తిరిగి ఇవ్వరట. డిపాజిట్ కట్టేసి, ఫ్లాట్ వాడి పేర రాయమంటారా?

జవాబు: రెండూ వద్దు. మీ దగ్గరున్న పెద్ద ఆస్తి ఫ్లాట్ కాదు, మీవారి పెన్షన్. సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు, తల్లిదండ్రులిద్దరి తర్వాత ఫ్యామిలీ పెన్షన్ జీవితాంతం వస్తుంది. చివరి బేసిక్‌లో 30 శాతం అంటే 23,400, దాని మీద కరువు భత్యం. హోమ్ ఫీజు దాదాపు అక్కడే తీరిపోతుంది.

ఇది లేకపోతే ఎంత కావాలో చూడండి. పన్ను పోగా ఎఫ్‌డీ వడ్డీ, ఏటా పెరిగే ఫీజు ఒకదానికొకటి సరిపోతాయనుకుంటే లెక్క సులువు: ఏడాదికి 3 లక్షలు, మీ తర్వాత 30 ఏళ్లకు 90 లక్షలు. మీ 40 లక్షలు పదమూడేళ్లకే అయిపోతాయి. పెన్షన్ ఉంటే బట్టలకు, మందులకు, పైఖర్చులకు నెలకు 5,000 అనుకున్నా 30 ఏళ్లకు 18 లక్షలు చాలు.

అయితే ఈ పెన్షన్ దానంతటదే రాదు. పీపీఓ (పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చిన ఉత్తర్వు) తీసి చూడండి, బాబు పేరు వైకల్యం వివరంతో సహా ఉందా? లేకపోతే మీవారు చివర పనిచేసిన ఆఫీసు ద్వారా ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. వైకల్య ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల వివరాలు, బాబు ఆధార్ సిద్ధంగా ఉంచుకోండి. పెన్షనర్ బతికుండగా ఆయన సంతకంతో నడిచే కాగితం ఇది. ఇద్దరూ పోయాక అదే పని అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చి ఆఫీసుల చుట్టూ తిరిగి చేయించాలి. ఫ్లాటో, ఎఫ్‌డీలో బాబు పేర పెడితే అతని పేర ఆదాయం కనబడి, సంపాదన లేదన్న మాట మీదే ప్రశ్నలు వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం వికలాంగులకిచ్చే ఆసరా పెన్షన్ 4,016ను లెక్కలో వేసుకోకండి, ప్రభుత్వ పెన్షన్ ఉన్న ఇంటికి అది వర్తించదు.

రెండో కాగితం గార్డియన్‌షిప్, అంటే చట్టబద్ధ సంరక్షకత్వం. బిడ్డకు 18 నిండాక తల్లిదండ్రులు కూడా చట్టప్రకారం సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం (1999) కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి ఫారం-ఎలో దరఖాస్తు చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు, కోర్టు మెట్లెక్కనక్కర్లేదు. ఆరు నెలల్లోపు బాబు ఆస్తుల జాబితా, తర్వాత ఏటా లెక్కలు ఆ కమిటీకి ఇవ్వాలి. ఇది లేని ఇళ్లలో తరచుగా జరిగేది ఒకటుంది. ఎఫ్‌డీకి బాబునే నామినీగా రాస్తారు. తల్లిదండ్రులు పోయాక బ్యాంకు గార్డియన్ సర్టిఫికెట్ అడుగుతుంది, అది చేతికొచ్చేదాకా డబ్బు కదలదు, హోమ్ ఫీజు మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

ఫ్లాట్, ఎఫ్‌డీల సంగతి వీలునామాలో తేల్చండి. వీలునామా రాయకపోతే వారసత్వ చట్టం ప్రకారం బాబుకూ సమాన వాటా వస్తుంది, ఆ వాటా అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా చిక్కే. బాబు కోసం వీలునామా ద్వారా ఒకే ఒక్క ట్రస్టు (బాబు కోసం ఆస్తిని ట్రస్టీలు చూసుకునే ఏర్పాటు) ఏర్పడేలా రాయించండి. బతికుండగా ఫ్లాట్‌ను ట్రస్టుకు మారిస్తే స్టాంపు డ్యూటీ పడుతుంది, వీలునామాకు పడదు. ట్రస్టీల విచక్షణ మీద నడిచే ట్రస్టుల ఆదాయానికి సాధారణంగా గరిష్ఠ రేటు పన్ను పడుతుంది. మీ మీద ఆధారపడిన బంధువు కోసం వీలునామాతో పెట్టిన ఏకైక ట్రస్టుకు మాత్రం మామూలు శ్లాబులు వర్తిస్తాయి. ట్రస్టీలుగా అమ్మాయితోపాటు హైదరాబాద్‌లో ఉండే నమ్మకస్తుడైన మరొకరిని పెట్టండి. హోమ్ నడిపేవాళ్లను ట్రస్టీగా గానీ గార్డియన్‌గా గానీ ఎంత మంచివాళ్లైనా పెట్టకండి. చూసుకునే చేయి, డబ్బు పట్టే చేయి ఒకటైతే అడిగేవాడు ఉండడు.

ఇక హోమ్. మీరు దీన్ని డబ్బుతో తీరే విషయం అనుకుంటున్నారు, నాకు ఎక్కువ భయం ఇక్కడే. డిపాజిట్ కట్టకముందు వికలాంగుల హక్కుల చట్టం (2016) కింద రిజిస్ట్రేషన్ కాపీ అడగండి. రాత్రి పది తర్వాత ఒకసారి వెళ్లి, ఎంతమందికి ఎందరు సిబ్బంది ఉన్నారో కళ్లారా చూడండి. మనిషి కోపంతో వస్తువులు విసిరితే ఏం చేస్తారు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఏడాదికి ఫీజు ఎంత పెంచుతారు, మధ్యలో తీసుకెళ్లిపోతే ఎంత తిరిగిస్తారు? జవాబులన్నీ ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. తిరిగి ఇవ్వని డిపాజిట్ కట్టాక మీకు బేరమాడే బలం ఉండదు. ముందు డే కేర్, తర్వాత పదిహేను రోజులు, తర్వాత నెల, ఇలా మీరుండగానే అలవాటు చేయండి. ఏ రకం వసతి నప్పుతుందో తేల్చడానికి బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ)లో అసెస్‌మెంట్ చేయించండి, మీకు దగ్గరే. నేషనల్ ట్రస్ట్ వారి ఘరౌందా పథకం కింద నడిచే హోమ్‌లనూ చూడండి, అవి జీవితకాల వసతి కోసమే పెట్టినవి.

చిన్న విషయాలు రెండు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా తీసుకోండి: లక్ష రూపాయల వరకు కవరేజీ, వైద్య పరీక్షలు అడగరు, ఓపీ ఖర్చులు, థెరపీ కూడా ఇందులోకి వస్తాయి. ఆదాయపు పన్నులో 80డీడీ (వైకల్యం ఉన్న కుటుంబ సభ్యుడి పోషణకు మినహాయింపు) కింద ఆదాయంలోంచి తగ్గించుకోగలిగేది 75,000 మాత్రమే. 1,25,000 రావాలంటే వైకల్యం 80 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, మధ్యస్థ మేధో వైకల్యానికి సర్టిఫికెట్‌లో 75 దగ్గరే ఆగుతుంది. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే.

అమ్మాయితో మాట్లాడేటప్పుడు అల్లుడినీ కూర్చోబెట్టండి. ఫ్లాట్ మొత్తం అమ్మాయికే రాసి ‘తమ్ముణ్ని చూసుకో’ అని నోటిమాటతో వదిలేయకండి. ట్రస్టీగా, గార్డియన్‌గా తనేం చేయాలో రాసిచ్చి, ఆ పనికి అయ్యే ప్రయాణ ఖర్చులు ట్రస్టు నుంచి తీసుకోవచ్చని వీలునామాలోనే పెట్టించండి.