రిఫరెన్సులు షాపువాళ్లకు ఇచ్చేయనా?

ప్రశ్న: మాది భీమవరం. బెంగళూరులో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు రిపోర్టులో 84 రిఫరెన్సులు ఉన్నాయి. అన్నీ వర్డ్‌లో చేత్తో టైప్ చేశాను. మధ్యలో రెండు పేపర్లు చేర్చేసరికి నంబర్లన్నీ తారుమారయ్యాయి. ‘ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంది’ అని గైడ్ తిప్పి పంపారు. ఇంకా పన్నెండు రోజులే ఉంది. కాలేజీ దగ్గర బైండింగ్ షాపులో నాలుగు వేలిస్తే సరిచేస్తామంటున్నారు. ఇచ్చేయమంటారా? తర్వాత పీహెచ్‌డీ చేయాలని ఉంది.

జవాబు: వద్దు. డబ్బు దండగనే కాదు. షాపులో కుర్రాడు కామాలు, చుక్కలు సరిచేస్తాడు. పేపర్ అచ్చయిన ఏడాది మీరు తప్పు వేస్తే అతనికెలా తెలుస్తుంది? వైవాలో ‘37వ పేపర్లో ఏముంది?’ అని అడిగితే అతను రాడు కదా!

ఒక ఉదాహరణ మీ ఊరి నుంచే చెబుతాను. ల్యాబ్‌లో ఫాస్ఫేట్ ఎస్టిమేషన్ చేసే ఉంటారు. దానికి వాడే ఫిస్కె–సుబ్బారావు పద్ధతిలో ఉన్న సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. ఆ పేపర్ 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ వాల్యూంలో, 375వ పేజీ నుంచి వచ్చింది. మనకు యల్లాప్రగడ ఇంటిపేరు. రిఫరెన్సులో మాత్రం సుబ్బారావే ఇంటిపేరు స్థానంలో కూర్చున్నాడు, యల్లాప్రగడ ‘వై’ అనే పొడి అక్షరమైపోయింది. మనవాడే కదా అని మీరు దాన్ని తిరగేసి దిద్దితే, వెతికేవాళ్లకు ఆ పేపర్ దొరకడం కష్టం. పేరు పేపర్ మీద ఎలా అచ్చయిందో అలాగే ఉండాలి. మన తెలుగు పేర్లున్న పేపర్లన్నిటికీ ఈ తిప్పలు తప్పవు, అవి ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఇక పని. రిఫరెన్సులు దాచి, సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటెరో ఉచితం, అది వేసుకోండి. అలాంటిదే మెండలే కూడా ఉచితమే, ఎండ్‌నోట్‌కు మాత్రం డబ్బు కట్టాలి. ఒక్కో పేపర్ డీఓఐ నంబరు (ఆ పేపర్‌కు మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) జొటెరోలో వేస్తే రచయితలు, ఏడాది, వాల్యూం, పేజీలు అదే తెచ్చుకుంటుంది. వైద్య, జీవశాస్త్ర పేపర్ల జాబితా అయిన పబ్‌మెడ్‌లోని నంబరు వేసినా సరే. 84 పేపర్లకు రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. తర్వాత వర్డ్‌లో మీరు టైప్ చేసిన నంబర్లు తీసేసి, అక్కడ జొటెరో బటన్‌తో పేపర్లు పెట్టుకుంటూ పోండి. ఆపైన మధ్యలో పది పేపర్లు చేర్చినా నంబర్లు వాటంతటవే సర్దుకుంటాయి. వాంకూవర్ స్టైల్ కావాలన్నా, ఏపీఏ కావాలన్నా మెనూలో మార్చుకోవడమే. డిపార్ట్‌మెంటు ఏ స్టైల్ అడుగుతోందో గైడ్‌ని ముందే అడిగేయండి.

అది తెచ్చిందంతా నిజమని మాత్రం వదిలేయకండి. ఒక టైటిల్‌లో ప్రతి మాటా పెద్దక్షరంతో మొదలవుతుంది, ఇంకోదాంట్లో కాదు. ఇ. కోలై లాంటి బ్యాక్టీరియా పేరు ఇటాలిక్స్‌లో రాదు. ఒక చోట జర్నల్ పేరు పూర్తిగా, ఇంకో చోట పొట్టిగా వస్తుంది. గూగుల్ స్కాలర్ నుంచి దించుకుంటే ఇలాంటివి ఇంకా ఎక్కువ. మీ గైడ్ ‘ఒక్కో తీరు’ అన్నది ఇవే అయ్యుంటాయి. వీటిని వర్డ్‌లో కాదు, జొటెరోలోనే దిద్దాలి. వర్డ్‌లో దిద్దితే రిఫ్రెష్ కొట్టగానే మళ్లీ పాతవే వచ్చి కూర్చుంటాయి.

చాట్‌జీపీటీ ఇచ్చిన రిఫరెన్సులు ఏవైనా కలిశాయా? సిగ్గుపడాల్సింది లేదు, చాలామంది చేస్తున్నదే. కానీ అది లేని పేపర్లను ఉన్నట్టే రాసిస్తుంది. అలాంటివి ఉంటే డీఓఐ కొట్టి, పేపర్ తెరిచి చూశాకే ఉంచండి. అచ్చయ్యాక జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్ ఏదైనా జాబితాలో ఉంటే జొటెరో ఎర్ర గుర్తుతో హెచ్చరిస్తుంది, దాన్ని పట్టించుకోండి. జాబితా పొడవైతే ప్లేజియరిజం శాతం పెరుగుతుందన్న భయం వద్దు. యూజీసీ 2018 నిబంధనలు రిఫరెన్సులను ఆ లెక్కలోంచి తీసేశాయి.

పీహెచ్‌డీ అన్నారు కాబట్టి ఇంకో మాట. సర్టిఫికెట్లలో మీ పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉండొచ్చు. మొదటి పేపర్ రాకముందే ఏ రూపంలో రాసుకోవాలో తేల్చుకోండి. ఒకసారి అలా, ఒకసారి ఇలా అచ్చయితే ఇద్దరు మనుషుల్లా కనిపిస్తారు. పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు నంబరు ఆర్కిడ్ ఐడీ తీసుకోండి, ఉచితమే. మీ పేపర్లన్నీ ఆ ఒక్క నంబరు కింద చేరతాయి.

గైడ్‌కి మళ్లీ పంపేటప్పుడు జొటెరో లింకులున్న ఫైల్ ఒకటి మీ దగ్గర వేరే పేరుతో దాచుకోండి. ఆయన ఇంకో రెండు పేపర్లు చేర్చమనడం ఖాయం.