హెచ్‌ఐవీ ఉందని పనిలోకి రావద్దంటే: తెల్లకాగితం మీద సంతకం చేయాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో, గ్రేడింగ్ సెక్షన్‌లో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. జీతం కాంట్రాక్టర్ ద్వారా వస్తుంది. నాకు హెచ్‌ఐవీ ఉంది. నాలుగేళ్లుగా ప్రభుత్వాసుపత్రిలోని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రంలో మందులు తీసుకుంటూ ఆరోగ్యంగానే ఉన్నాను. గత నెల బట్టలు మార్చుకునే గదిలో నా సంచిలోంచి ఏఆర్‌టీ పుస్తకం కింద పడితే సూపర్‌వైజర్ చూశారు. మర్నాటికల్లా మా సెక్షన్ వాట్సాప్ గ్రూపులో నా పేరు, జబ్బు పేరు రాసి ‘అందరూ జాగ్రత్త’ అని పెట్టారు. నాకు మంచినీళ్ల గ్లాసు వేరు చేశారు. ఆ తర్వాత ‘ఇది తినే సరుకు, నీ చెయ్యి తగలకూడదు’ అంటూ గేటు దగ్గరే ఆపేశారు. పన్నెండు రోజులుగా ఇంట్లోనే ఉన్నాను. కాగితం ఏదీ ఇవ్వలేదు. తెల్లకాగితం మీద సంతకం చేస్తే లెక్క చూసి డబ్బులిస్తామంటున్నారు. అందరికీ రక్తపరీక్షల క్యాంపు కూడా పెడతారట. భర్త లేరు, ఎనిమిదో తరగతి చదివే బాబు ఉన్నాడు. కేసు వేస్తే నా పేరు పేపర్లో వస్తుందేమోనని భయంగా ఉంది. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, మిగతా సంగతులు చెప్పే ముందు ఒక్క మాట. ఆ తెల్లకాగితం మీద సంతకం చేయకండి. ఈ రోజుకు మీరు ఉద్యోగం మానలేదు, వాళ్లే మిమ్మల్ని గేటు దగ్గర ఆపారు, కాబట్టి జవాబు చెప్పుకోవలసింది వాళ్లే. సంతకం పడిన మరుక్షణం అది ‘నా ఇష్టపూర్వకంగా మానేస్తున్నాను’ అనే ఉత్తరంగా మారుతుంది, బలవంతంగా రాయించుకున్నారని రుజువు చేసే భారం మీ మీద పడుతుంది. ఇక వాళ్లు చూపిస్తున్న ‘లెక్క’ సంగతి. చేసిన రోజుల జీతం, ఐదేళ్ల నిరంతర సర్వీసు దాటినందుకు రావలసిన గ్రాట్యుటీ, పీఎఫ్ సొమ్ము మీ సంతకానికి ప్రతిఫలంగా ఇచ్చేవి కావు. అవి ఎలాగూ మీవే.

మీకు అండగా ఉన్నది హెచ్‌ఐవీ, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం, 2017. పార్లమెంటు 2017లో చేసిన ఈ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులో ఉంది. అంతకు ముందు ఇలాంటి బాధితులు రాజ్యాంగం ఇచ్చిన సమానత్వ హక్కును పట్టుకుని హైకోర్టుకు వెళ్లేవారు, కానీ ఆ దారి ప్రధానంగా ప్రభుత్వ ఉద్యోగులకూ ప్రభుత్వరంగ సంస్థల్లో పని చేసేవారికే ఉపయోగపడేది, ప్రైవేటు కార్మికులు చాలావరకు దిక్కులేకుండా మిగిలిపోయేవారు. 2017 చట్టంలోని 3వ సెక్షన్ ‘ఏ వ్యక్తీ’ వివక్ష చూపరాదు అంటుంది. అందుకే మీరు ప్లాంటు రోల్సులో ఉన్నారా, కాంట్రాక్టర్ రోల్సులో ఉన్నారా అన్నది ఇక్కడ పెద్ద అడ్డంకి కాదు. ఇద్దరినీ కలిపే అడగవచ్చు, అడగాలి కూడా.

ఇప్పుడు అసలు విషయం. ‘ఈమెకు హెచ్‌ఐవీ ఉందా లేదా’ అన్న ప్రశ్నతో చట్టానికి పని లేదు. హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తిని ఉద్యోగంలోంచి తీసేయాలంటే యజమాని ఆ వ్యక్తి చేతికి రెండు కాగితాలు ఇచ్చి తీరాలని 3వ సెక్షన్ చెబుతోంది. ఈమె వల్ల పనిచోట ఇతరులకు వైరస్ సోకే గణనీయమైన ప్రమాదం ఉందనో, ఈమె ఆ పని చేయడానికి శారీరకంగా పనికిరాదనో అర్హత కలిగిన, యాజమాన్యంతో సంబంధం లేని వైద్యనిపుణుడు రాతపూర్వకంగా ఇచ్చిన అంచనా మొదటిది. పనిలో చిన్నపాటి సర్దుబాట్లు చేసి ఈమెను కొనసాగించడం వల్ల తమకు ఎదురయ్యే పాలనాపరమైన, ఆర్థికపరమైన ఇబ్బంది ఏమిటో, ఎంతో యజమాని స్వయంగా రాసి ఇవ్వవలసిన వివరణ రెండవది. మీకు ఈ రెండూ కాదు కదా, రావద్దన్న ముక్క కూడా కాగితం మీద ఇవ్వలేదు. వాళ్లు తెల్లకాగితం మీద మీ సంతకం కోసం అంతగా ఎందుకు పట్టుబడుతున్నారో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

‘తినే సరుకు’ అన్న వాదన గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా దీనికి తల ఊపుతుంటారు. ‘గణనీయమైన ప్రమాదం’ అంటే ఏమిటో యజమాని ఊహకు వదిలేయకుండా చట్టమే నిర్వచించింది. రక్తం, వీర్యం, యోనిస్రావాలు, తల్లిపాలు వంటివి ఆరోగ్యవంతుడి రక్తంలోకో, శ్లేష్మపొరల్లోకో, గాయపడిన చర్మంలోకో చేరే సందర్భాలను అది ప్రమాదంగా లెక్కిస్తుంది. రక్తం కలవని లాలాజలం, చెమట, కన్నీళ్లు, చీమిడి, మూత్రం, వాంతి తగలడాన్ని అది ప్రమాదం కాదని స్పష్టంగా పక్కన పెట్టింది. గాయం లేని చర్మం మీద రక్తం పడినా అది ప్రమాదం కిందికి రాదు. చేతులకు గ్లౌజులు, తలకు టోపీ, నోటికి మాస్కు వేసుకుని, మంచుగడ్డల మధ్య రొయ్యలను కౌంటు ప్రకారం వేరు చేసే పనిలో వైరస్ ఎవరికైనా ఎలా చేరుతుందో చెప్పమంటే వాళ్ల దగ్గర సమాధానం ఉండదు. హెచ్‌ఐవీ ఆహారం ద్వారా సోకదు, శరీరం బయట అది ఎక్కువసేపు నిలవదు. ‘చెయ్యి కోసుకుంటే?’ అని అడుగుతారు. చెయ్యి కోసుకున్న ఏ కార్మికురాలినైనా, ఆమె రక్తంలో ఏమున్నా లేకపోయినా, లైను మీద నుంచి పక్కకు తప్పించి కట్టు కట్టి, ఆ సరుకు తీసేయడం ఆహార పరిశ్రమలో అందరికీ వర్తించే పద్ధతి. అదే జాగ్రత్త మీకూ సరిపోతుంది. ఇక గ్లాసు వేరు చేయడానికి వైద్యపరంగా ఏ ఆధారమూ లేదు. ఉద్యోగ విషయంలో అన్యాయంగా ప్రవర్తించడం కూడా 3వ సెక్షన్ కింద వివక్షే కనుక ఆ గ్లాసు సంగతి మీ ఫిర్యాదులో తప్పక రాయండి.

వాట్సాప్ సందేశం విషయంలో నిజాయితీగా ఒక మాట చెప్పాలి. నమ్మకంతో చెప్పిన హెచ్‌ఐవీ స్థితిని బయటపెట్టరాదని 8వ సెక్షన్ అంటోంది, కానీ మీరు సూపర్‌వైజర్‌కు నమ్మకంతో చెప్పలేదు, పుస్తకం కింద పడితే ఆయన చూశారు, కాబట్టి అవతలి వకీలు ఈ తేడాను పట్టుకుని వాదిస్తాడు. అందుకే నేనైతే 4వ సెక్షన్‌నే ముందు పెడతాను. హెచ్‌ఐవీ ఉన్నవారిని ద్వేషానికో, వివక్షకో, దాడికో గురిచేసే అవకాశమున్న సమాచారాన్ని మాటలతో గానీ రాతతో గానీ వ్యాప్తి చేయడాన్ని అది నిషేధిస్తోంది. ఉల్లంఘించిన వారికి 37వ సెక్షన్ కింద మూడు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆ సందేశం స్క్రీన్‌షాట్ తేదీ, సమయం, పంపినవారి నంబరు కనిపించేలా తీసి ఇంకో ఫోనులో కూడా దాచుకోండి. గ్రూపులోంచి మీ అంతట మీరు బయటకు రాకండి.

రక్తపరీక్షల క్యాంపుకు వెళ్లనవసరం లేదు. వ్యక్తి సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయడం చట్టవిరుద్ధం, ఉద్యోగంలో కొనసాగాలంటే పరీక్ష చేయించుకోవాలని షరతు పెట్టడమూ వివక్షే. ఇది మీకే కాదు, మీ తోటి కార్మికులందరికీ వర్తిస్తుంది. మరొక సంగతి, మీతో కలిసి ఉంటున్న మీ బాబు కూడా ఈ చట్టం దృష్టిలో ‘రక్షిత వ్యక్తి’. రేపు బడిలో ఎవరైనా వాడిని వేరుగా కూర్చోబెడితే ఇదే చట్టం వర్తిస్తుంది.

కోర్టులు ఈ విషయంలో ఎలా ఆలోచిస్తాయో కూడా కొంచెం తెలిసి ఉండాలి. ఒక ప్రభుత్వరంగ సంస్థ హెచ్‌ఐవీ ఉందని రోజుకూలీని పక్కన పెడితే, 1997లో బొంబాయి హైకోర్టు అతణ్ని తిరిగి కూలీల జాబితాలో చేర్చమని, 40,000 రూపాయల పరిహారం ఇవ్వమని ఆదేశించింది. అతనికి పని చేసే శక్తి ఉందా, అతని వల్ల ఇతరులకు నిజంగా ప్రమాదం ఉందా అన్న రెండే ప్రశ్నలను అప్పుడు కోర్టు చూసింది, 2017 చట్టం వాటినే సెక్షన్‌గా మార్చింది. పోలీసు నియామకాల్లో హెచ్‌ఐవీ ఉన్న అభ్యర్థిని ఆ ఒక్క కారణంతో తిరస్కరించడం చెల్లదని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా చాలా ఏళ్ల క్రితమే చెప్పింది. కేంద్ర సాయుధ బలగంలోని ఒక కానిస్టేబుల్‌కు ఇదే కారణంతో పదోన్నతి నిరాకరిస్తే, 2023లో అలహాబాద్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. బరువులు మోసే, తుపాకీ పట్టే ఉద్యోగాలకే అడ్డు కాని జబ్బు రొయ్యల గ్రేడింగుకు ఎందుకు అడ్డవుతుంది?

పేరు బయటకు వస్తుందన్న మీ భయం సహజం, చట్టం చేసినవారికీ అది తెలుసు. ఆ బొంబాయి కేసులో కూలీ పేరు నేటికీ ఎవరికీ తెలియదు, రికార్డులో పేరుకు బదులు ఉన్నది ఉత్త అక్షరాలే. ఇప్పుడు 34వ సెక్షన్ ప్రకారం మీరు కోరితే కోర్టు మీ పేరుకు బదులు మారుపేరు వాడవచ్చు, తలుపులు మూసి విచారించవచ్చు, మీ గుర్తింపు ప్రచురించకుండా నిషేధించవచ్చు. ఈ కోరికను మొదటి కాగితంతోనే పెట్టండి, తర్వాత పెట్టవచ్చులే అని ఊరుకోకండి.

ముందుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని నేను చెప్పను. వంద మంది గానీ అంతకు మించి గానీ పని చేసే సంస్థలో ఫిర్యాదుల అధికారిని నియమించాలి కనుక, మొదట ఆ అధికారి పేరిట, ప్రతులు కాంట్రాక్టర్‌కూ ప్లాంటు మేనేజర్‌కూ పెట్టి, ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. ఆ తర్వాత ఈ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారికి) ఫిర్యాదు చేయండి. ఆయన ముప్పై రోజుల్లో ఆదేశం ఇవ్వాలి, ఆ ఆదేశాన్ని పాటించకపోతే పదివేల రూపాయల వరకు, పాటించనన్ని రోజులు రోజుకు ఐదు వేల వరకు జరిమానా ఉంటుంది. ఎక్కడ ఫిర్యాదు ఇవ్వాలో ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సిలర్‌ను గానీ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థను గానీ అడగండి. ఆగిన రోజుల జీతంతో పనిలోకి తీసుకోవాలనే కోరికను కార్మిక శాఖ అధికారి ముందు విడిగా పెట్టాలి. మహిళ కనుక ఆదాయంతో నిమిత్తం లేకుండా మీకు ఉచితంగా వకీలును పెడతారు. కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయ సేవాధికార సంఘానికి వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఇవన్నీ మూడు నెలలు దాటకముందే పూర్తి కావడం మంచిది.

ఉత్తరంలో జబ్బు పేరు రాయనవసరం లేదు. ‘ఫలానా తేదీ నుంచి నన్ను గేటు దగ్గర ఆపుతున్నారు. నేను ఉద్యోగం మానలేదు, రాజీనామా ఇవ్వలేదు, ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. పనికి సిద్ధంగా ఉన్నాను. నన్ను ఆపడానికి కారణం రాతపూర్వకంగా ఇవ్వండి’ అని రాస్తే చాలు. తర్వాత వాళ్లు ఏ కాగితం సృష్టించినా ఈ తేదీ ముందు నిలబడదు. ఈ తిరుగుళ్లలో పడి ఏఆర్‌టీ కేంద్రం వాళ్లు రమ్మన్న తేదీ మాత్రం తప్పకండి. అవసరమైతే 1097కు ఫోన్ చేయండి, అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ ఉచిత నంబరు.