దీనారమా, దినారా? శ్రీనాథుడి టంకాలు

సందేహం: కువైట్‌లో జీతం దినార్లలో లెక్కపెట్టుకుంటాం. తెలుగులో ‘దినార్లు’ అని రాయాలా, ‘దీనారాలు’ అనా? శ్రీనాథుడు చెప్పిన దీనారం ఇదేనా? ‘రూపాయిలు’ అంటే తప్పని మిత్రుడొకరు అంటున్నారు, నిజమేనా?

సమాధానం: ముందు దీర్ఘం సంగతి. సంస్కృతంలో దీనారం, అరబ్బీలో దీనార్. రెండిటా మొదటి అక్షరం దీర్ఘమే. దాన్ని ‘దినార్’ అని కుదించడం ఇంగ్లీషు స్పెల్లింగు చూసి పలకడం వల్ల వచ్చిన అలవాటు. మూలం రోమనుల వెండి నాణెం దెనారియుస్. ‘ఆస్’ అనే చిన్న నాణేలు పది విలువ చేసేది కాబట్టి ఆ పేరు. అది గ్రీకు మీదుగా ఒకవైపు మనకూ, మరోవైపు అరబ్బులకూ చేరింది. మన దగ్గర వెండి పేరు బంగారానికి అంటుకుంది. సాంచీలో రెండో చంద్రగుప్తుడి కాలపు శాసనం (క్రీ.శ. 412) 25 దీనారాల దానం చెబుతుంది. అమరకోశం రాసిన అమరసింహుడు ‘దీనారేఽపి చ నిష్కోఽస్త్రీ’ అన్నాడు, నిష్కమన్న మాటకు దీనారమనీ అర్థముందని. అంటే ఆయన నాటికే అది పరాయి మాటగా వినిపించడం మానేసింది. కాబట్టి మీ జీతమూ శ్రీనాథుడి దీనారమూ జ్ఞాతులే.

ఇక శ్రీనాథుడు. ‘దీనారటంకాలఁ దీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల’ అన్న సీసపాదం అందరికీ నోటికి వచ్చిందే. విజయనగర రాజు ప్రౌఢదేవరాయలు కవికి కనకాభిషేకం చేయించాడని కథగా చెప్పుకుంటాం. పద్యాన్ని ఉన్నదున్నట్టు చదవండి. కర్త కవి. ‘ముత్యాలశాల’ జడం కనుక ‘ను’ చేరకుండా ప్రథమలోనే కర్మగా నిలిచిందనుకుంటే, తీర్థమాడింది శాల! కవి తాను తడవడమే కాదు, రాజుగారి కొలువుకే బంగారు స్నానం చేయించాడు. శాలలో అని అధికరణంగా చెప్పేవారూ ఉన్నారు, కాదనను. కానీ మొదటి అన్వయంలో ఉన్న పొగరు శ్రీనాథుడిది.

మరి ‘దీనారటంకాలు’ అంటే దీనారాలూ టంకాలూనా, దీనారాలనే టంకాలా? రెంటికీ వ్యాకరణం ఒప్పుకుంటుంది. విజయనగరంలో చెల్లిన బంగారు నాణెం వరహా, దాన్నే గద్యాణం అనేవారు. చిల్లరకు పణం. దీనారం అప్పటికి కావ్యాలలోనే మిగిలిన మాట. అందుకే నాకు రెండు మాటలూ ఒకే నాణేన్ని చెప్పే కర్మధారయమే రుచిస్తుంది: దీనారమన్న గొప్ప పేరు, టంకమన్న వాడుక పేరు.

టంకమంటే రాతి ఉలి, ఒక తూకం, ముద్ర కొట్టిన నాణెం. లోహాలు అతికే టంకం వేరే కథ. నాణేలు కొట్టే చోటు టంకశాల. ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ వెండి టంకా కొట్టించాడు, బహమనీలూ కొట్టించారు. ముత్యాలశాలను టంకాలతో ముంచిన కవే ముసలితనంలో ‘బొడ్డుపల్లెను గొడ్డేఱి మోసపోతి, నెట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు’ అని వాపోయాడంటుంది చాటువు. గుత్తకు తీసుకున్న బొడ్డుపల్లె పంటలో కొంత కృష్ణ మింగింది, కొంత పక్షులు తిన్నాయి, కట్టవలసిన పైకం మిగిలింది. రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకే నాణెం, ఒకసారి వాన, ఒకసారి బాకీ.

టంకం పోయిందనుకునేరు. పది రూపాయల నోటు వెనక్కి తిప్పండి. 15 భాషల పట్టికలో మనది పద్నాలుగో వరుస. పదో వరుసలో ఒడియా ‘దశ టంకా’ అని ఉంటుంది. పైన అస్సామీ, బెంగాలీ వరుసల్లోనూ ఆ మాటే కాస్త అరిగి కనిపిస్తుంది. బంగ్లాదేశ్ 1972 నుంచి తన నాణేన్ని టాకా అంటోంది.

దిర్హం గ్రీకు ద్రక్మా సంతానం. మన దమ్మిడీ కూడా ద్రమ్మం, దామ్ మీదుగా అక్కడినుంచి దిగినదే. దుబాయిలో ఒకటి జీతమైంది, ఇక్కడ ఒకటి తిట్టయింది.

దీనారుకు చిల్లర అయిన ‘ఫిల్స్’ చివరి సకారం బహువచనం కాదు, మాటలో భాగం. ‘ఒక ఫిల్’ అని కోసేయకండి. ‘దిర్హమ్స్‌లు’ అని రెండు బహువచనాలు తగిలించే వారికి, ‘రూ. 500 రూపాయలు’ అని రెండుసార్లు చెప్పే వారికి ఏం చెప్పినా దండగ.

కువైట్ నేటి నాణేనికి ‘దీనార్లు’ రాయండి. శాసనాల, కావ్యాల నాణేనికి ‘దీనారాలు’. కువైట్ దానికీ దీనారాలనే రాస్తానంటే అడ్డుపడను. 1961లో అది వచ్చేదాకా అక్కడ చెల్లింది మన రూపాయే. ఒక దీనారుకు పదమూడు రూపాయల చిల్లర లెక్కన మార్చారు.

రూపాయి మాటకు పాణిని ‘రూపాదాహతప్రశంసయోర్యప్’ సూత్రం చాలు: ముద్ర కొట్టినది రూప్యం. బహువచనం నోటు మీద ‘రూపాయలు’ అనే ఉంది, నేనూ అదే రాస్తాను. అబ్బాయికి అబ్బాయిలు కదా అని మీరు వాదిస్తే, పోలిక బాగానే ఉంది. వాడుక మాత్రం ఇంకా మీ మిత్రుడి పక్షానే ఉంది.