అగ్రికల్చరల్ ఎకనామిక్స్ చదివితే ఉద్యోగాలుంటాయా?

ఒంగోలులో బైపీసీ చదివే తమ్ముడి కోసం అడిగారు కాబట్టి: ముందు నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ చెయ్యాలి, దానికి ఈఏపీసెట్ రాయాలి. ఎకనామిక్స్ ప్రత్యేకంగా చదివేది ఆ తర్వాతి రెండేళ్ల ఎమ్మెస్సీలో.

ఏం చదువుతారంటారా? నెల్లూరు చెరువులో రొయ్య 60 కౌంట్‌కి వచ్చింది, అంటే కిలోకి 60. ఇప్పుడే పట్టేయాలా, 40 కౌంట్ దాకా ఆగాలా? ఆగితే రొయ్య పెద్దదై రేటు పెరుగుతుంది, మేత ఖర్చూ పెరుగుతుంది, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వస్తే మొత్తం పోతుంది. ఇలాంటి లెక్కే, కాస్త గణాంకశాస్త్రం జోడించి. లెక్కలంటే పడకపోతే వద్దనే చెప్తాను.

ఉద్యోగాలా, బ్యాంకుల్లో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్‌కి బీఎస్సీ చాలు. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు నాబార్డ్‌లో గ్రేడ్ ఎ ఆఫీసర్ ఉద్యోగం ఉంది, పోటీ గట్టిదే. పీహెచ్‌డీ చేస్తే బోధన, పరిశోధన.