సముద్రంలో నియమం నిలవాలంటే ఒడ్డున ఏం మారాలి?

చేపను కాపాడాలంటే వేట తగ్గించక తప్పదని శాస్త్రవేత్తలు చెబుతున్నారు, వేట తగ్గితే తీరగ్రామాలు పస్తులుండవలసి వస్తుంది, ఈ రెండూ పొసగే దారి నిజంగా ఉందా అని మీరు అడిగారు. ఉందనే నా నమ్మకం. అయితే చిన్న చేపకు ఒడ్డున గిరాకీ ఉన్నంతకాలం సముద్రంలో పెట్టిన ఏ నియమమూ పూర్తిగా నిలవదని కూడా నమ్ముతాను. మాది భీమునిపట్నం దగ్గరి మత్స్యకార గ్రామం. నాన్నగారు మొదట తెప్ప మీద, తరువాత ఇంజను బిగించిన ఫైబరు బోటు మీద వేట చేశారు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి చేపలు అమ్మింది. నేను కొన్నేళ్లు విశాఖపట్నం హార్బరులో బోట్ల దిగుబడి లెక్కలు రాసే పని చేశాను.

ముందుగా బాగా అమలవుతున్న నియమం గురించి చెబుతాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మరబోట్లకూ మోటారు బోట్లకూ వేట నిషేధం ఉంటుంది. ఇంజను లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఇచ్చారు. నేను చూసినంతలో ఈ నిషేధాన్ని మనవాళ్లు చాలావరకు పాటిస్తారు, దానికి కారణం భయం ఒక్కటే కాదు. అందరి బోట్లూ ఒకే రోజున ఆగుతాయి, ఒకే రోజున కదులుతాయి. తాను ఆగిన రోజున పక్కవాడు వెళ్లి చేప తెచ్చుకుంటున్నాడన్న బాధ ఎవరికీ ఉండదు.

అయితే ఆ రెండు నెలలు ఇల్లు ఎలా గడుస్తుందన్నదే అసలు ప్రశ్న. వేటకు వెళ్లే కుటుంబాలకు నిషేధకాలంలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలు, 2025లో అది 20,000 రూపాయలు అయింది. ఇది మంచి మార్పు. కానీ ఈ లెక్క బోటు ఎక్కేవారిది మాత్రమే. చేపలు అమ్మే ఆడవాళ్లు, ఎండుచేప ఆరబెట్టేవారు, ఐసు మోసేవారు, వలలు బాగుచేసేవారు అందులోకి రారు. నిషేధం వచ్చినప్పుడు అమ్మ చెరువు చేప కొని అమ్మేది. దానిమీద మిగిలేది చాలా తక్కువ. తక్కిన ఖర్చంతా సావుకారు దగ్గర అప్పుగా వచ్చేది, జూన్ మధ్యలో వేట మొదలుకాగానే ఆ అప్పు తీర్చాలి. అందుచేత నిషేధం తొలగిన మొదటి వారాల్లో, గుడ్ల నుంచి వచ్చిన పిల్ల చేప ఇంకా ఎదగకముందే, ఎంత దొరికితే అంత తేవాలన్న ఒత్తిడి ప్రతి బోటు మీదా ఉంటుంది. ఆపి కాపాడినదాన్ని అప్పు ఇలా పోగొడుతుంది. అందువల్ల భృతి నిషేధం మొదలవడానికి ముందే చేతికి అందడం, ఒడ్డున పనిచేసే ఆడవాళ్లకూ అందడం దయతో చేసే పని అని నేను అనుకోవడం లేదు. అది చేపల సంరక్షణలో భాగమే.

ఇక హార్బరులో లెక్కలు రాసేటప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసిన విషయం చెబుతాను. వలను నీటిలో ఈడ్చుకుంటూ వేటాడే ట్రాల్ బోటు తిరిగి వచ్చాక వంజరం, చందువ, పెద్ద రొయ్య, రిబ్బనులా పొడవుగా ఉండే సావడాయి వేరువేరుగా వేలానికి వెళతాయి. అడుగున మిగిలిన చిన్న చేపను నేల మీద కుప్పగా పోస్తారు. వేలెడంత సావడాయి పిల్లలు, రేపు పెద్ద ధర పలకవలసిన ఎన్నో రకాల పిల్లలు అందులో కలిసి ఉంటాయి. రకం చూడకుండా తూకం వేసి కొంటారు, అది ఎండి చేపపొడి అవుతుంది. చేపపొడి రొయ్యల చెరువుల మేతలో ముఖ్యమైన సరుకు, మన రాష్ట్రమేమో దేశంలో అందరికంటే ఎక్కువగా రొయ్యలు పెంచుతోంది. ఆ కుప్ప మీద వచ్చే డబ్బుతో బోటు యజమాని కొంత డీజిలు ఖర్చయినా రాబట్టుకుంటాడు. వల చివరి సంచికి 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను, అంటే చదరపు రంధ్రం, పెట్టమని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చాలాకాలంగా సూచిస్తోంది. మామూలు కన్ను లాగినప్పుడు మూసుకుపోతుంది, చదరపు కన్ను తెరుచుకునే ఉంటుంది కనుక పిల్ల చేప తప్పించుకుంటుంది. ఈ మాట ఒక సరంగుతో, అంటే బోటు నడిపే పెద్దతో, అన్నప్పుడు, "నేను వదిలిన చేపను వెనక వచ్చే బోటు పట్టుకుంటుంది, నాకేం మిగులుతుంది బాబూ" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మత్స్యకారులది కాదు, కొనేవారిదీ ప్రభుత్వానిదీ.

కేరళ ఆ జవాబును కొంతవరకు చెప్పింది. ఏ చేప ఎంత పొడవు ఉంటేనే పట్టవచ్చో అక్కడ 2015లో 14 రకాలకు నిర్ణయించారు, తరువాత వాటిని 58 రకాలకు పెంచారు. దానివల్ల తనిఖీ సముద్రం మధ్యలో కాకుండా రేవులో, కొలబద్దతో సాధ్యమవుతుంది. అదే రాష్ట్రంలో అష్టముడి సరస్సులో ఆల్చిప్పలు ఏరే కుటుంబాలు గుడ్లు పెట్టే నెలల్లో, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఏరడం ఆపివేస్తాయి. వల కన్నుకూ, ఎగుమతి అయ్యే ఆల్చిప్ప పరిమాణానికీ హద్దులున్నాయి. సుస్థిర మత్స్యసేకరణకు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ 2014లో మన దేశంలో మొదటగా దక్కింది వారికే. చిన్నదాన్ని కొనేవారు లేకపోతే చిన్నదాన్ని ఏరే అవసరమూ ఉండదు.

కొనుగోలుదారు వైపు నుంచి వచ్చే ఒత్తిడి అన్నివేళలా న్యాయంగా పడదని కూడా చెప్పాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే చలికాలపు నెలల్లో చనిపోయిన తాబేళ్లు మా తీరానికి కొట్టుకురావడం నేను చూశాను. చూసిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. ట్రాల్ వలలో తాబేలు బయటపడే కమ్మీల చట్రం అమర్చడం లేదన్న కారణంతో మన సముద్రపు రొయ్యను అమెరికా 2019 నుంచి కొనడం లేదు. చెరువు రొయ్యకు ఆ ఆంక్ష లేదు. అంటే ఆ నష్టమంతా సముద్రం మీద బతికేవారి మీదే పడింది. ఆ చట్రం వాడితే కొంత చేప కూడా జారిపోతుందన్న బోటు యజమానుల మాటలో నిజముంది. వాడినవారి రొయ్యకు ఒడ్డున ఎక్కువ ధర ఇవ్వగలిగితే ఆ జారిపోయినదానికి బదులు దొరుకుతుంది. ఉపన్యాసాల వల్ల ఆ పని జరగదు.

తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకు కేటాయించిన నియమం మన రాష్ట్రంలో ఉంది. దాన్ని కాపాడటమే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే నీటి మీద గీత కనిపించదు. 2022 జనవరిలో విశాఖ తీరంలో, చేపల గుంపును చుట్టుముట్టి పట్టే రింగు వలల విషయమై ఊళ్ల మధ్య తగాదా ముదిరి బోట్లు తగలబడ్డాయి. ఇరువైపులా ఉన్నవారు మన బంధువులే, ఇరువైపులా ఆకలే. నా అభిప్రాయంలో ఇటువంటి చోట అధికారి ఒక్కడు తీర్పు చెప్పడం సరిపోదు. మా ఊరి కట్టుబాట్లలో తీరం దగ్గర ఏ వల వేయరాదో పెద్దలు కూర్చుని నిర్ణయించేవారు, తప్పినవాడికి జరిమానా వేసేవారు, ఆ డబ్బు గుడి ఖర్చుకు వెళ్లేది. ఆ అధికారాన్ని చట్టం గుర్తించి, పక్క ఊరి పెద్దలనూ కలిపి, ఆడవాళ్లకు కూడా అందులో చోటిచ్చి, బోటు ఎక్కడ తిరిగిందో చూపే పరికరాల సమాచారాన్ని వారి ముందు పెడితే తగాదా హద్దులు దాటకముందే తీరే వీలుంటుంది.

మీరు తీరగ్రామంలో పని మొదలుపెట్టాలనుకుంటే నా సలహా ఇది. ముందు వలల జోలికి వెళ్లకండి. ఆ రేవులో చిన్న చేపను ఎవరు, ఏ ధరకు కొంటున్నారో, ఎవరికి ఎంత అప్పు ఉందో ఒక ఏడాది పాటు రాయండి. ఆ తరువాత ఐసు పెట్టెల గురించి మాట్లాడండి. ఎండలో ఇసుక మీద పడి ఉన్న కానాగడతకూ, ఐసులో వచ్చిన కానాగడతకూ ధరలో చాలా తేడా ఉంటుంది. తెచ్చిన కొద్ది చేపకే మంచి ధర వస్తుందని మత్స్యకారులు తమ చేతి లెక్కలో చూసుకున్నాక, పెద్ద కన్ను వల గురించి మీరు చెప్పే మాట వినడానికి వారికి తీరిక ఉంటుంది.