ముందు ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి ఊపండి

ప్రశ్న: మా నాన్నగారి 1978 ప్రీమియర్ పద్మినిని ఇప్పటికీ నడుపుతున్నాం. కాస్త దూరం తిరిగొచ్చి ఆపితే పది నిమిషాల దాకా మళ్లీ స్టార్ట్ కాదు. కార్బొరేటర్ చుట్టూ పెట్రోల్ తడి, కారంతా వాసన. నీడిల్ వాల్వ్ రెండుసార్లు మార్చారు. ఇప్పుడు మెకానిక్ ఫ్లోట్ రేకు వంచుదామంటున్నాడు. వంచమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండీ, వంచనివ్వకండి. పద్మినికి ఎక్కువగా సోలెక్స్ కంపెనీ కార్బొరేటరే (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చే భాగం) ఉంటుంది. దాని గిన్నెలో ఫ్లోట్ అనే బోలు బుడ్డి పెట్రోల్ మీద తేలుతుంది. మట్టం పెరిగితే అది నీడిల్ వాల్వ్‌లోని సూదిని పైకి నెట్టి, పెట్రోల్ వచ్చే దారి మూయిస్తుంది. ఆ గిన్నెలో పెట్రోల్ మట్టం సరిచేసేది నీడిల్ వాల్వ్‌కి వేసే వాషర్‌తో, రేకు వంచి కాదు. మందం వాషర్ వేస్తే వాల్వ్ కిందికి దిగి త్వరగా మూసుకుంటుంది, మట్టం తగ్గుతుంది. పల్చటిది వేస్తే పెరుగుతుంది. వాల్వ్ రెండుసార్లు మార్చినప్పుడు పాత వాషరే వేశారా, లేదా అని అడగండి.

అయితే నా అనుమానం ఫ్లోట్ మీదే. విజయవాడ ఆటోనగర్‌లో నేను పని చేసే రోజుల్లో ఇలాంటి బండే ఒకటి వచ్చింది. మూడు నీడిళ్లు మార్చినా కారడం ఆగలేదు. చివరికి ఇత్తడి ఫ్లోట్‌ని తుడిచి చెవి దగ్గర ఊపితే లోపల సన్నగా గలగలమంది. రెండు చిప్పలు కలిసే అతుకు దగ్గర కంటికి కనబడని చిల్లు. లోపలికి పెట్రోల్ చేరి ఫ్లోట్ బరువెక్కింది. బరువెక్కిన ఫ్లోట్ పైకి తేలదు, నీడిల్ మూసుకోదు, పెట్రోల్ పొంగుతూనే ఉంటుంది.

మీరూ అదే చేయండి. చప్పుడు రాకపోయినా వేడి నీళ్లలో పూర్తిగా ముంచి చూడండి. లోపలి గాలి వ్యాకోచించి, చిల్లు ఉన్నచోట బుడగలు వరుసగా లేస్తాయి. నీళ్లు కాచిన పొయ్యి దగ్గర మాత్రం ఈ పని వద్దు. ఆరుబయటే చేయండి. చిల్లు దొరికితే లోపలి పెట్రోల్ చుక్క మిగలకుండా ఆవిరైపోయాకే మాటు పెట్టించాలి, లేకపోతే అంటుకుంటుంది. మాటు ఎంత తక్కువైతే అంత మంచిది. ముందూ వెనకా కంసాలి త్రాసులో తూయించండి. బరువు పెరిగితే మట్టమూ పెరుగుతుంది. కొత్త ఫ్లోట్ దొరికితే అదే మేలు.

నీడిల్ కొనమీద గోరు ఆడించి చూడండి. గోరు తగులుకునే గాడి ఉంటే అరిగినట్టే. కార్బొరేటర్ మూత తిరగేసి, నీడిల్‌ని వేలితో మెల్లగా నొక్కి, పెట్రోల్ వచ్చే గొట్టంలోకి ఊదండి. గాలి దూరకూడదు. దూరిందంటే సీటు మీద (నీడిల్ కొన ఆనే చోట) చెత్తయినా ఉండాలి, అరుగుదలైనా ఉండాలి. 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వచ్చాక పాత ట్యాంకుల్లోని తుప్పు, జిగురు కదిలి అక్కడికే చేరుతున్నాయి. అందుకని కార్బొరేటర్‌కి పెట్రోల్ తోడే పంపుకు ముందు ఒక ఫిల్టర్ పెట్టించండి.

మట్టం ఎంత ఉండాలన్నది మీ కార్బొరేటర్ నంబరుకు మాన్యువల్‌లో ఇచ్చిన అంకెనే తీసుకోండి. కారు సమతలంగా ఉన్నచోటే కొలవండి. ఫ్లోట్ ఊపినప్పుడు ఏం వినబడిందో రాయండి, మిగతాది ఆ తర్వాత చూద్దాం.